చికాగోకు నాలుగు రోజుల సెలవు

ప్రయాణానికి పథకం వేసుకోవటం విమర్శకు సంబంధించిన విషయం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. యాత్రికుల కోసం అచ్చువేసే గైడు పుస్తకం కూడా ఒక రచనే. దానికీ ఒక కర్త ఉంటాడు, ఒక దృక్పథం ఉంటుంది. ఒక నగరంలో ఏది చూడదగినదో, ఏది చూడనక్కర లేనిదో అది తేల్చి చెపుతుంది. అలా తేల్చటంలోనే ఆ నగరం ఎవరిదో కూడా చెప్పేస్తుంది. నవలను చదివేటప్పుడు మనం అడిగే ప్రశ్నలు ఈ పుస్తకాన్ని కూడా అడగవచ్చు. ఇందులో పనిచేసేవాళ్ళు ఎక్కడ? వాళ్ళు కథలో పాత్రలా, లేక గది తలుపు తెరిచి పక్కకు తప్పుకునేవాళ్ళా?

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి, నన్నూ వాళ్ళమ్మనూ నాలుగు రోజులపాటు చికాగో తీసుకుపోతానన్నది. పథకం వేసే పని నాకు అప్పజెప్పింది. మన దేశంలో అభ్యుదయవాదులకు చికాగో అంటే మేడే. తక్కిన చదువుకున్నవారికి చికాగో అంటే వివేకానందుడు. గైడు పుస్తకాలకు మాత్రం చికాగో అంటే ఆకాశాన్నంటే మేడలు, మిషిగన్ సరస్సు, మిలీనియం పార్కులో అనీష్ కపూర్ చేసిన పెద్ద చిక్కుడుగింజ లాంటి ఉక్కు శిల్పం, మందపాటి పిజ్జా. ఇవేవీ అబద్ధాలు కావు. కాని నాలుగు రోజుల్లో ఏది ఎంత అన్నది తేలాలి. అక్కడే తగాదా మొదలైంది.

మొదటి తగాదా తేదీల గురించి. మే నెల ఒకటో తేదీకి చికాగోలో ఉండాలని నాకు సహజంగానే అనిపించింది. మా అమ్మాయి నవ్వింది. "నాన్నా, ఆ రోజు ఇక్కడ అందరూ పనికి పోతారు. నువ్వొక్కడివే పండగ చేసుకోవాలి" అన్నది. ప్రపంచంలో అనేక దేశాలు మే ఒకటిని కార్మిక దినంగా పాటిస్తూ ఉంటే, ఆ దినం ఏ నగరం నెత్తుటిలోంచి పుట్టిందో ఆ నగరంలో అది మామూలు పనిరోజు. అమెరికా కార్మిక దినం సెప్టెంబరు మొదటి సోమవారం. శుక్రవారం ఒక్కరోజు సెలవు పెడితే శని, ఆది, సోమవారాలు కలిసి నాలుగు రోజులవుతాయి. ఆ లెక్కతోనే మా ప్రయాణం సెప్టెంబరుకు పడింది.

ఆ ఒక్క శుక్రవారం కోసం ఆమె ఎంత తటపటాయించిందో చూసిన తరువాత నేను సెలవుల సంగతి విచారించాను. జీతంతో కూడిన సెలవు ఇచ్చి తీరాలని ప్రైవేటు యజమానులను నిర్బంధించే చట్టం అమెరికా కేంద్ర ప్రభుత్వంలో ఈనాటికీ లేదు. ఎన్ని రోజులిస్తారన్నది చాలావరకు యజమాని దయ, బేరం. 1938లో వచ్చిన కార్మిక ప్రమాణాల చట్టం వారానికి గంటల హద్దు పెట్టి, హద్దు దాటితే ఒకటిన్నర రెట్లు కూలి ఇమ్మన్నది. కాని మంచి జీతం మీద కంప్యూటరు పనిచేసేవారిని ఆ నియమం నుంచి మినహాయించారు. పైగా వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మరో ఉద్యోగం వెతుక్కోవటానికి సాధారణంగా 60 రోజుల వరకే గడువు. ఇక మా అమ్మాయి సెలవు అడగటానికి ఎందుకు జంకుతుందో వేరే చెప్పాలా? సెలవులో ఉండగా కూడా ఆమె కంప్యూటరు సంచిలోనే ఉంటుంది.

సరిగ్గా ఈ గంటల తగాదా మీదనే 1886లో చికాగో వీధులు నిండాయి. మే 1న ఎనిమిది గంటల పనిదినం కోసం వేలాదిమంది పని మానేశారు. మే 3న మెకార్మిక్ కర్మాగారం దగ్గర పోలీసులు కాల్చారు. మే 4 రాత్రి హే మార్కెట్ దగ్గర జరిగిన సభను చెదరగొట్టటానికి పోలీసులు వచ్చినప్పుడు ఎవరో బాంబు విసిరారు. విసిరింది ఎవరో ఈనాటికీ తేలలేదు. అయినా ఎనిమిదిమందిని విచారించి ఏడుగురికి మరణశిక్ష వేశారు. పార్సన్స్, స్పైస్, ఫిషర్, ఎంగెల్ అనే నలుగురిని 1887 నవంబరు 11న ఉరి తీశారు. లింగ్ అంతకు ముందురోజే జైలులో చనిపోయాడు. తక్కిన ముగ్గురినీ 1893 జూన్ 26న ఇల్లినాయ్ గవర్నరు ఆల్ట్‌గెల్డ్ విడుదల చేస్తూ, ఆ విచారణే అన్యాయమని కారణాలతో సహా ప్రకటించాడు. దానితో ఆయన రాజకీయ జీవితం దెబ్బతిన్నది.

ఈ చరిత్ర అంతా చెప్పి, అమరవీరుల సమాధిని పథకంలో చేర్చాను. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "సంవత్సరమంతా కష్టపడితే నాలుగు రోజులు దొరికాయి. వాటిలో ఒకరోజు శ్మశానానికా? నేను చదువుకోవటానికి రావటం లేదు, విశ్రాంతి కోసం వస్తున్నాను" అన్నది. ఈ మాటను తేలికగా తీసిపారెయ్యటానికి వీలులేదు. ఎనిమిది గంటల కోరికలో ఉన్న అర్థం ఏమిటి? పనికి ఎనిమిది గంటలు, నిద్రకు ఎనిమిది గంటలు పోగా మిగిలిన ఎనిమిది గంటలూ మనిషి తన ఇష్టప్రకారం గడుపుకోవాలన్నదే గదా! ఆ మిగిలిన గంటల్లో మనిషి విజ్ఞానమే సంపాదించాలని ఆ కార్మికులు షరతు పెట్టలేదు. చెట్టు కింద పడుకోవటానికి కూడా వాళ్ళు హక్కు అడిగారు. ఆ హక్కు కోసం చనిపోయినవారి పేరు చెప్పి మా అమ్మాయి విశ్రాంతిని నేను గుంజుకుంటే అది వాళ్ళకు గౌరవం కాదు.

రెండవ తగాదా బస గురించి. వంటగది ఉన్న ఇల్లు నాలుగు రోజులకు అద్దెకు తీసుకుంటే హోటలు కన్న చవక అని మేమిద్దరం తేల్చాం. మా ఆవిడ అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. "వంటగది ఉంటే వంట ఎవరు చేస్తారు? అయితే ఈ సెలవు మీ ఇద్దరికేనన్నమాట" అన్నది. నలభై ఏళ్ళ సంసారంలో ఆమెకు ఆదివారం లేదు, మేడే లేదు, పదవీ విరమణ లేదు. ఎనిమిది గంటల పోరాటం కర్మాగారం గేటు దగ్గర గెలిచింది గాని వంటింటి గడప దాటి లోపలికి రాలేదు. ఆ ఒక్క మాటతో వంటగది పథకం రద్దయింది. ఖర్చు ఎక్కువైనా హోటలే.

అయితే హోటలు గదిలో పక్క దానంతటది సర్దుకోదు. మా ఇంట్లో ఒక స్త్రీకి దొరికిన సెలవు మరొక స్త్రీ చాకిరీ మీద నిలుస్తుంది. 2018 సెప్టెంబరులో చికాగోలో ఇరవైకి పైగా హోటళ్ళ సిబ్బంది సమ్మె చేశారు. చలికాలంలో యాత్రికులు తగ్గగానే వాళ్ళను పనిలోంచి ఆపుతారు. పనితోపాటు వైద్యబీమా పోతుంది. ఏడాది పొడుగునా బీమా ఉండాలన్నది వాళ్ళ ముఖ్యమైన కోరిక. గ్రాంట్ పార్కు ఎదుట ఉన్న కాంగ్రెస్ హోటలు ముందు 2003 జూన్‌లో మొదలైన సమ్మె 2013 మే నెల దాకా, దాదాపు పదేళ్ళు నడిచింది. ఈ సంగతి తెలిసినందువల్ల గది అద్దె తగ్గదు. కాని ఏ హోటల్లో సంఘం ఉన్నదో విచారించి దిగవచ్చు. దినానికి ఇంత అని గది శుభ్రం చేసేవారి కోసం విడిగా తీసిపెట్టవచ్చు. మా లెక్కల కాగితంలో రైలు ఖర్చు తరువాత ఆ పద్దు చేరింది.

ఇక రోజుల పంపకం. మొదటిరోజు శుక్రవారం నగరం నడిబొడ్డున ఉన్న లూప్. దుకాణాల మీదుగా, వీధులకు పైన ఉక్కు స్తంభాల మీద నడిచే రైలు అక్కడ చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టు 1897లో పూర్తయింది. మూడు రోజుల టిక్కెట్టు ఒకటి కొనుక్కుంటే నగర రైళ్ళూ బస్సులూ ఎన్నిసార్లయినా ఎక్కవచ్చు. ఉదయం అందులో ఒక చుట్టు తిరిగితే, పడవ షికారుకు డబ్బు పెట్టకుండానే మేడలను చూసినట్టవుతుంది. 1871 అక్టోబరు అగ్నిప్రమాదంలో నగరంలో పెద్ద భాగం బూడిదై, సుమారు లక్షమంది నిలువనీడ లేనివారైనారు. ఆ బూడిద మీద భూమి విలువ పెరిగింది. భూమి విలువ పెరిగేకొద్దీ మేడ పైకి లేచింది. ఆకాశహర్మ్యానికి అందం తరువాత వచ్చింది, అద్దె ముందు వచ్చింది.

ఆ మేడల్లో 110 అంతస్తులు, 442 మీటర్ల ఎత్తు ఉన్నది ఒకటి. కట్టినప్పటి పేరు సియర్స్ టవరు, 2009 నుంచి విల్లిస్ టవరు. దాదాపు పాతికేళ్ళు ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనంగా నిలిచిన ఆ మేడ నిర్మాణ సూత్రాన్ని ఆలోచించినవాడు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహమాన్ ఖాన్. తొమ్మిది చదరపు గొట్టాలను ఒక్క కట్టగా కట్టి, గాలి తాకిడిని అన్నీ కలిసి పంచుకునేటట్టు చేశాడు. ఒక్కొక్కటిగా నిలవలేనివి కలిస్తే నిలుస్తాయన్నమాట! 1971లో బంగ్లాదేశ్ విమోచన కోసం ఆయన చికాగోలో మద్దతు కూడగట్టాడు. పైకెక్కటానికి టిక్కెట్టు ధర ఎక్కువ. మా అమ్మాయికి ఎక్కాలని ఉన్నది, కాబట్టి ఎక్కుతాం. పై నుంచి చూస్తే ఊరు అందంగానే ఉంటుంది. అంత ఎత్తు నుంచి ఏ పేటలో ఎవరుంటారో మాత్రం కనబడదు.

మధ్యాహ్నం ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. ఇప్పుడు చిత్రశాలగా ఉన్న ఆ భవనంలోనే 1893 సెప్టెంబరు 11న సర్వమత మహాసభ మొదలైంది, వివేకానందుడు మాట్లాడాడు. ఆల్ట్‌గెల్డ్ గవర్నరు హే మార్కెట్ ఖైదీలను వదిలిపెట్టి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. ఒకే నగరం, ఒకే వేసవి. మొదటి సంగతి మన పిల్లలందరికీ తెలుసు. రెండవది ఎంతమందికి తెలుసు?

ఆ చిత్రశాలలో ఎన్నో గదులున్నాయి. అన్నీ తిరిగితే కాళ్ళు పోతాయి తప్ప కళ్ళలో ఏదీ నిలవదు. నేను ఒకే ఒక్క పటానికి అరగంట కేటాయించాను. అది ఫ్రెంచి చిత్రకారుడు సూరా వేసినది: పారిస్ దగ్గర సీన్ నదిలో ఒక దీవి, అక్కడ ఆదివారంనాడు సేదతీరుతున్న జనం. అసంఖ్యాకమైన రంగుచుక్కలతో వేసిన ఆ పెద్ద పటంలో ఒక మూల చేతుల్లేని చొక్కా తొడుక్కున్న మనిషి పైపు నోట పెట్టుకుని వాలి ఉంటాడు. ఆ పక్కనే పొడుగు టోపీ పెట్టుకున్న పెద్దమనిషి కూచుని ఉంటాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు. ఆ పటాన్ని మొదటిసారి ప్రదర్శించినది 1886 మే నెలలో, పారిస్‌లో. ఆదివారం నీడ అందరిదీనా అని ఒక ఖండంలో చిత్రకారుడు రంగులతో అడుగుతుండగా, మరొక ఖండంలో అదే నెలలో అదే ప్రశ్నకు తుపాకీ జవాబు చెప్పింది. ఆ రెండూ ఈ ఒక్క ఊళ్ళో కలిశాయి.

రెండవరోజు శనివారం పుల్‌మన్. మిలీనియం స్టేషనులో మెట్రా రైలెక్కి దక్షిణంగా పోతే 111వ వీధి దగ్గర దిగాలి. రైలు పెట్టెలు చేసే జార్జ్ పుల్‌మన్ 1880 నుంచి అక్కడ తన కార్మికులకు ఒక ఊరే కట్టించాడు. ఎర్ర ఇటుక ఇళ్ళు, చక్కని వీధులు. దొర దయామయుడని పేరు. కాని ఇల్లూ ఆయనదే, కొలువూ ఆయనదే. 1893లో మాంద్యం వచ్చినప్పుడు కూలి సుమారు నాలుగోవంతు తగ్గించాడు. ఇంటి అద్దె ఒక్క సెంటు తగ్గించలేదు. 1894 మే నెలలో సమ్మె మొదలైంది. యూజిన్ డెబ్స్ నాయకత్వాన రైలు కార్మికులు పుల్‌మన్ పెట్టెలు ముట్టమన్నారు. జూలైలో కేంద్ర సైన్యం దిగింది. డెబ్స్‌ను జైలులో పెట్టారు.

అమెరికా కార్మిక దినాన్ని కేంద్ర సెలవుగా ప్రెసిడెంటు క్లీవ్‌లాండ్ సంతకం చేసినది ఆ సమ్మె నడుస్తుండగానే, 1894 జూన్ 28న. ఒక చేత్తో సెలవు, వారం తిరగకుండా మరొక చేత్తో సైన్యం! అయినా సెప్టెంబరు పండుగ పాలకులు కనిపెట్టినదేనని మనవాళ్ళు కొందరు అనేమాట సరి కాదు. 1882 సెప్టెంబరు 5న న్యూయార్కులో ఊరేగింపు తీసి దానికి శ్రీకారం చుట్టినది కార్మిక సంఘాలే. పాలకులు చేసిన పని ఏమిటంటే, కార్మికులవే అయిన రెండు దినాల్లో తమకు భయం లేనిదాన్ని ఎన్నుకోవటం.

పుల్‌మన్ 1897లో చనిపోయాడు. కార్మికులు సమాధిని తవ్వుతారేమోనన్న భయంతో కుటుంబంవారు ఆయన శవపేటికను కాంక్రీటులో, ఉక్కు పట్టాల కింద పాతిపెట్టించారు. ఆ ఊరు ఇప్పుడు జాతీయ చారిత్రక ఉద్యానం. చూడటానికి టిక్కెట్టు లేదు. పుల్‌మన్ పెట్టెల్లో పక్కలు వేసిన నల్లజాతి సేవకులు 1925లో సంఘం పెట్టుకుని, ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన 1937లో కంపెనీ చేత ఒప్పందం రాయించుకున్నారు. వాళ్ళ మ్యూజియం కూడా ఆ పేటలోనే ఉన్నది.

మూడవరోజు ఆదివారం. ఉదయం డెస్‌ప్లేన్స్ వీధిలో హే మార్కెట్ స్థలం. అక్కడ 2004లో పెట్టిన శిల్పం ఉన్నది: ఒక బండి, దాని మీద నిలబడి మాట్లాడుతున్న మనుషులు. ఆనాటి సభకు వేదిక అలాంటి బండే. అక్కడి నుంచి బ్లూ లైను చివరి స్టేషను ఫారెస్ట్ పార్కుకు పోయి, కొంతదూరం నడిస్తే శ్మశానం, అందులో 1893 జూన్ 25న ఆవిష్కరించిన అమరవీరుల స్మారకం. విమానం దిగిన యాత్రికుణ్ణి నగరం నడిబొడ్డుకు తెచ్చే రైలు కూడా ఇదే బ్లూ లైను. అదే పెట్టెలో దిగకుండా కూచుంటే అది అమరవీరుల దగ్గరకు తీసుకుపోతుంది. చాలామంది నడిబొడ్డున దిగిపోతారు.

శ్మశానం గురించి మా ఇంట్లో కుదిరిన ఒడంబడిక ఇది: నేనొక్కణ్ణీ పోతాను, రాదలచుకున్నవారు రావచ్చు. ఉరితీయబడిన పార్సన్స్ భార్య లూసీ పార్సన్స్, బట్టలు కుట్టి పిల్లలను పోషిస్తూ, 1942లో చనిపోయేదాకా కార్మికుల కోసం మాట్లాడిన మనిషి, అక్కడే ఉన్నదని చెప్పినప్పుడు మా ఆవిడ, "అయితే నేనూ వస్తాను" అన్నది. మా అమ్మాయి మాత్రం హోటల్లో నిద్రపోతానన్నది. పథకంలో ఆమె పేరుకు ఎదురుగా "నిద్ర" అని రాశాను. సాయంత్రం ముగ్గురమూ మిలీనియం పార్కులో కలుసుకుంటాం. కార్మిక దినం ముందురోజుల్లో ఏటా అక్కడ జాజ్ ఉత్సవం జరుగుతుంది, ప్రవేశం ఉచితం. దక్షిణ రాష్ట్రాల నుంచి నల్లవారు మూటలతో రైలెక్కి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న సంగీతం అది.

నాలుగవరోజు సోమవారం, కార్మిక దినం. ఆ రోజుకు నేను ఏమీ రాయలేదు, సరస్సు తప్ప. అంత పెద్ద నగరంలో నీటి ఒడ్డు చాలావరకు ప్రజలకే మిగలటం యాదృచ్ఛికం కాదు. గ్రాంట్ పార్కులో భవనాలు లేవకుండా మాంట్‌గామరీ వార్డ్ అనే వర్తకుడు 1890 నుంచి ఇరవై ఏళ్ళపాటు కోర్టుల్లో పోరాడాడు. వర్తకుడు చేసినా మంచి పని మంచి పనే, చెప్పుకోవాలి. కాని ఆ నీటిలోనూ గీతలుండేవి. 1919 జూలై 27న యూజిన్ విలియమ్స్ అనే పదిహేడేళ్ళ నల్లపిల్లవాడు 29వ వీధి దగ్గర ఈదుతూ, నీటిమీద ఎవరూ గీయకుండానే ఉన్న తెల్లవారి సరిహద్దు దాటాడు. ఒడ్డు మీద నుంచి రాళ్ళు పడ్డాయి, వాడు మునిగిపోయాడు. ఆ తరువాత చెలరేగిన అల్లర్లలో 38 మంది చనిపోయారు; వారిలో 23 మంది నల్లవారు. సెలవురోజున నీళ్ళలో ఈదటం కూడా కొందరికి ప్రాణాలతో కొనుక్కోవలసిన వస్తువు. ఈ సంగతి తెలిసినవాడు సరస్సును తక్కువగా ఆనందించడు. అది తన చేతికి ఎలా వచ్చిందో తెలుసుకుని ఆనందిస్తాడు.

నాలుగు రోజుల్లో పట్టనివి చాలా మిగిలిపోయాయి. 1865 నుంచి 1971 దాకా నడిచిన పశువధశాలల గేటు, వాటిమీద అప్టన్ సింక్లేర్ రాసి 1906లో పుస్తకంగా వెలువడిన నవలను బోధించే ప్రతి ఉపాధ్యాయుడూ చూడదగినది. జేన్ ఆడమ్స్ 1889లో వలస కార్మికుల పేటలో నెలకొల్పిన హల్ హౌస్, పిల్‌సెన్ పేటలో టిక్కెట్టు లేని మెక్సికన్ చిత్రశాల కూడా ఉన్నాయి. వీటిని తీసేసినది అవి ముఖ్యం కాక కాదు. మా ఆవిడ మోకాళ్ళు, మా అమ్మాయి నిద్ర వాటికన్న ముఖ్యం కనుక. వీటి గురించి కాగితం వెనుక వైపున రాసిపెట్టాను, ఇంకెవరికైనా పనికివస్తుంది.

పథకం రాయటం పూర్తయిన తరువాత చూస్తే అందులో రాతకన్న ఖాళీ ఎక్కువ ఉన్నది. ప్రతి మధ్యాహ్నం రెండు గంటలు, సోమవారం మొత్తం. ఎవరు ఏంచేస్తారో రాసిలేని ఆ గంటలే పథకంలో అసలు భాగమని నేననుకుంటాను. మిగిలినదంతా ఆ గంటలు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పే వివరణ. యువకులు ఏ నగరానికైనా పోయేటప్పుడు ఈ రెండూ కలిపి రాసుకోవాలని నా కోరిక. ఖాళీ లేని పథకం మరొక ఉద్యోగం. వివరణ లేని పథకం ఇంకొకరు కట్టిన ఇంట్లో అద్దె ఇవ్వకుండా ఉండి రావటం. మా అమ్మాయి శుక్రవారంనాటి సెలవు మంజూరైంది. కంప్యూటరు ఇంట్లోనే వదిలిపెట్టే విషయం ఇంకా చర్చలో ఉన్నది.